కూలింగ్ పోతా ఉందన్నా

అబిగయీలు దేన్నయినా సహిస్తుంది గాని, చల్లదనం వృథా కావడాన్ని మాత్రం సహించదు. తెరిచి ఉన్న తలుపు ఫ్రిజ్జుదైనా ఏసీ బస్సుదైనా సరే, మూసి తీరాలి. పాస్టరు గారు ఇంటికొచ్చి కళ్లు మూసుకుని ప్రార్థన చేస్తుంటే, ఆయన ఆమెన్ అనేలోపు వంటింట్లోకి వెళ్లి ఫ్రిజ్జు మూసి వచ్చిన మనిషి.

ఆమె పెట్టే బాధ మైపాడులో అందరికంటే బాగా తెలిసినవాడు ఐసు ఫ్యాక్టరీ మతీన్. ఆమె దగ్గర్లోని గ్యాసు టెర్మినల్లో ఇంజనీరు. డ్యూటీ దిగగానే చేపల కోసం వచ్చేది. చేపలు కొనడం మరిచిపోయినా, "కూలింగ్ పోతా ఉందన్నా" అంటూ ఐసుగది తలుపు మూయడం మరిచేది కాదు. ఒకసారి మతీన్ లోపల ఉండగానే మూసింది. అతను తలుపు బాది బాది బయటపడేసరికి గడ్డానికి తెల్లగా మంచు పట్టింది. ఆమె సారీ చెప్పింది. చెబుతూనే మళ్లీ తలుపు మూసింది.

"నా ఐసు, నా కరెంటు. నీకేందమ్మా నష్టం?" అని విసుక్కున్నాడు ఒకరోజు.

ఆమె అక్కడే చేపల బుట్ట బోర్లించి కూర్చుని పాఠం మొదలుపెట్టింది. ఓడల్లో వచ్చే గ్యాసు, ఐసు కూడా వేడనిపించేంత చల్లగా, నీళ్లలా ఉంటుందట. దాన్ని మళ్లీ ఆవిరి చేయడానికి సముద్రపు నీళ్లు పారిస్తే, ఆ చల్లదనమంతా సముద్రం పాలవుతుందట. అలా పోనీకుండా ఆ చల్లదనంతో మామూలు గాలినే నీళ్లలా మార్చి ట్యాంకులో దాచొచ్చట. కరెంటు లేనప్పుడు కాస్త వేడి తగలనిస్తే, ఆ గాలి బుస్సున ఉబ్బి టర్బైన్ తిప్పుతుందట. మతీన్‌కి ట్యాంకు దాకా అర్థమైంది. ప్రయోగం కోసం టెర్మినల్ నుంచి ఫ్యాక్టరీకి ఒక కేబుల్ వేయిస్తానని ఆమె అంటే, పాఠం ఆగితే చాలని సరేనన్నాడు.

నవంబరు తుపానుకు స్తంభాలు పడి కరెంటు పోయింది. జనరేటర్లోకి నీళ్లు చేరాయి. ఊరి పడవలన్నీ తెచ్చిన చేపలూ రొయ్యలూ మతీన్ ఐసుగదిలోనే ఉన్నాయి. అవి కుళ్లిపోతే రేపు ఎవరికి ముఖం చూపించాలో తెలియక గుమ్మంలో కూలబడ్డాడు.

మధ్యాహ్నం ఉన్నట్టుండి మిషన్లు గుర్రుమన్నాయి. వెంటనే అబిగయీలు ఫోన్ చేసింది.

"లైను మీకే ఇచ్చినామన్నా. మావాళ్లు గెస్ట్‌హౌసుకి అన్నారు, నేను పోట్లాడి ఇటు తిప్పినా. తలుపు తీసినారంటే సాయంత్రానికే ట్యాంకులో గాలి ఖాళీ. మూసుంటే తెల్లారిందాకా వస్తాది. ఇన్నాళ్లూ మీకు అలవాటు చేసింది అందుకే."

మతీన్ ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. స్టూలు వేసుకుని, తలుపుకు వీపు ఆనించి కూర్చున్నాడు. పడవల వాళ్లు వచ్చి, ఒక్కసారి సరుకు చూసిపోతామని బతిమాలినా కదల్లేదు.

పొద్దుగూకే వేళకు అబిగయీలు వానలో తడుస్తూ వచ్చింది. తన కరెంటుతో నిలిచిన సరుకును కళ్లారా చూసుకోవాలని ఆమెకు ఎంతో ఆశగా ఉంది. ఒక్క నిమిషం తలుపు తీయమంది.

మతీన్ వేడి టీ గ్లాసు ఆమె చేతిలో పెట్టాడు గాని, స్టూలు మీద నుంచి లేవలేదు.

"రేపు చూద్దువులేమ్మా. కూలింగ్ పోద్ది."