పన్నెండు పడుల ఫోటో

నా చిన్నప్పుడు, మా అమ్మ జ్వరంతో పోయిన మూడో నెలలో, గోడకు పెట్టడానికి ఆమె ఫోటో ఒక్కటి కూడా ఇంట్లో లేదని మావాళ్లకు గుర్తొచ్చింది. నాకప్పుడు పదేళ్లు. మాది హోసూరు దగ్గర మెట్ట పల్లె. రాగులు, అనుములు పండించుకునే ఇల్లు. పెళ్లికి ఫోటోలు తీయించుకునే ముచ్చట ఇంకా మా దాకా రాలేదు. ఉన్నదల్లా కళ్లంలో తీసిన ఒకే ఒక్క ఫోటో. అందులో తాత, అవ్వ, నాయన ఉన్నారు. అవ్వ కాళ్ల దగ్గర నేనున్నాను. అమ్మ లేదు.

నేను ఏడవలేదు. ఈ మాట చెప్పడానికి ఇప్పటికీ సిగ్గుగానే ఉంటుంది. అమ్మను తీసుకుపోయిన రోజూ ఏడవలేదు, కర్మ రోజూ ఏడవలేదు. పలకరించడానికి వచ్చినవాళ్లు నా ముఖంలోకి తొంగి చూసి, “ఏం రాతిగుండె బిడ్డమ్మా ఇది!” అని గొణుక్కునేవారు. వాళ్లకేం తెలుసు, నా బొంద! గుండె రాయి కాలేదు. అక్కడ అసలు ఏమీ లేనట్టుండేది. బడికి పోయేదాన్ని, వచ్చేదాన్ని, పెట్టింది తినేదాన్ని. ముద్ద వేడిగా ఉందో చల్లారిందో కూడా తెలిసేది కాదు. ఒక పొద్దున జడ వేసుకుంటూ అమ్మ ముఖం తలుచుకుందామంటే అది రాలేదు. చీర రంగు వచ్చింది, గాజుల చప్పుడు వచ్చింది, ముఖం మాత్రం రాలేదు. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

ఇంట్లో ఫోటోల పిచ్చి ఉన్నవాడు మా చిన్నాయన ఒక్కడే. మత్తిగిరి పశువుల ఫారంలో గుమాస్తాగా ఉండేవాడు. బెంగుళూరులో ఎవరో వాడి వదిలేసిన కెమెరా కొనుక్కొచ్చి, ఆదివారమైతే దాన్ని మెడలో వేసుకుని హోసూరు చుట్టూ తిరిగేవాడు. అందరూ ఎండలో తీస్తే ఆయన పొద్దు గుంకాక తీసేవాడు. కొండ మీది గుడి దీపాలు, బెంగుళూరు రోడ్డున పోయే లారీల వెలుగు, ఇవీ ఆయనకు కావలసినవి. కెమెరాను రాగుల మూట మీద కుదురుగా పెట్టి, మీట నొక్కి పట్టి, దాని కన్ను తెరిచే ఉంచి అంకెలు లెక్కపెట్టేవాడు. మా అవ్వ ఊరుకుంటుందా? “పగలంతా సూర్యుడు ఊరికే ఎలుతురిస్తా ఉంటే ఈనికి చాల్లేదంట. గుడ్లగూబ పుట్టినాడు నా కడుపున!” అనేది.

కళ్లం ఫోటో కూడా అలా సందెవేళ తీసిందే. కదిలితే చెరిగిపోతారని చెప్పి మమ్మల్ని వరసగా కూర్చోబెట్టాడు. అమ్మనూ పిలిచాడు. ఆమె రాగుల కుప్ప దగ్గర ఉంది. “కూర్చోను నాకు తీరిక యాడుందప్పా? మంచు పడకముందే కొలిచి మూటకెత్తాల. మీరు తీసుకోండి” అంది. పడి అనే ఇనుప కొలపాత్రతో కుప్పలోంచి రాగులు ముంచడం, నాలుగడుగులు వేసి గోనెలో పోయడం, మళ్లీ వెనక్కి రావడం. ధాన్యం కొలిచేటప్పుడు మావాళ్లు ఒకటి అనరు, లాభం అంటారు. “లాభం... రెండు... మూడు...” అని అమ్మ రాగం తీస్తుంటే, చిన్నాయన తన లెక్క మానేసి ఆమె లెక్కకే కెమెరా తెరిచి ఉంచాడు. పన్నెండు పడులకు మూసేశాడు. కడిగించి తెస్తే మేం నలుగురం బిగుసుకుని కూర్చుని ఉన్నాం. మా వెనక, అమ్మ ఉండాల్సిన చోట, తెల్లటి పొగ లాంటిదేదో ఉంది. ఫోటో చెడిందని అవ్వ దాన్ని పెట్టెలో పడేసింది. అమ్మ కూడా చూసి నవ్వి, పొయ్యి దగ్గరికి వెళ్లిపోయింది.

ఇప్పుడు గోడకు ఏదో ఒకటి పెట్టాలి కదా. మా పెద్దమ్మకు, అంటే అమ్మ సొంత అక్కకు, అమ్మ పోలికలు బాగా ఉండేవి. హోసూరులో బొమ్మలు గీసే ఆయన దగ్గరికి పెద్దమ్మను తీసుకుపోయి, ఆమెను చూసి అమ్మ బొమ్మ గీయిద్దామని అవ్వ ఆలోచన. నాయన తలూపాడు. “ఏమ్మే, నీకు సమ్మతమేనా?” అని అవ్వ నన్నూ అడిగింది. సరే అన్నాను. ఎవరి ముఖం పెడితే ఏముంది అనిపించింది, అంతే. వాకిట్లో కూర్చున్న చిన్నాయన తలెత్తి నా వంక చూశాడు.

మరునాడు సందెవేళ, రీలులో రెండు ఫోటోలు మిగిలినాయి రమ్మని నన్ను కళ్లానికి తీసుకుపోయాడు. మొదటిదానికి కదలకుండా నిలబడమన్నాడు. అది నాకేం కష్టం కాలేదు, మూడు నెలలుగా నేను చేస్తున్నది అదే. రెండోదానికి, ఇంటి నుంచి మోసుకొచ్చిన రాగులను పట్టా మీద కుప్ప పోసి, నాలుగడుగుల అవతల గోనె పెట్టి, అమ్మ పడిని నా చేతికిచ్చాడు. మీ అమ్మ మాదిరే కొలువు అన్నాడు. నేను ముంచి, “ఒకటి” అన్నాను.

“మీ అమ్మ ఒకటి అంటా ఉండెనా?”

పడిలోని రాగులు తిరిగి కుప్పలో పోసి, మళ్లీ ముంచాను. తర్వాత “లాభం” అన్నాను. రెండు, మూడు. చేతులకు పని తెలుసు, వాటి పాటికి అవి చేసుకుపోయాయి. ఏడో పడి దగ్గర, నేను అమ్మ వంగినట్టే ఎడమ చెయ్యి మోకాలికి ఆనించి వంగుతున్నానని తెలిసింది. పన్నెండు అనగానే కెమెరా టక్కుమంది.

పది రోజులకు కడిగించిన ఫోటోలు తెచ్చాడు. మొదటిదాంట్లో నేను పాతేసిన గుంజలా ఉన్నాను. రెండోదాంట్లో రాగుల కుప్ప, గోనె, వాటి మధ్య పొగ. “దీంట్లో నువ్వు యాడుండావు?” అన్నాడు. పొగ మీద వేలు పెట్టాను. “ఆడ ఎవురూ లేరే” అన్నాడు. నాకు కోపం వచ్చింది. “నేనే! కొలుస్తా ఉండా కదా, నువ్వే చూస్తివి” అన్నాను. అప్పుడాయన పెట్టెలోని పాత ఫోటో తీసి దీని పక్కన పెట్టాడు.

అదే కుప్ప, అదే గోనె. వాటి మధ్య అదే పొగ.

“అమ్మ” అన్నాను.

“ఊఁ. కూర్చున్నోళ్లు మీరు ఫోటోలో పడినారు. ఆయమ్మకు కూర్చోను తీరిక లేకపాయె. లేకుండా యాడికి పోతుందమ్మా?” అన్నాడు.

పాత ఫోటో పట్టుకుని అవ్వ దగ్గరికి పరిగెత్తాను. గీసిన బొమ్మ వద్దన్నాను, ఇదే పెట్టమన్నాను. ఆ మూడు నెలల్లో నా అంతట నేను నోరు తెరిచి అడిగింది అదొక్కటే. “పొగను గోడకు పెట్టుకుంటారా యాడన్నా? నలుగురూ నవ్వరా?” అంది అవ్వ. నాయన ఫోటో తీసుకుని వాకిలి వెలుతురులోకి పోయి చాలాసేపు చూశాడు. ఆయన వేలు కుప్ప నుంచి గోనె దాకా, గోనె నుంచి కుప్ప దాకా మెల్లగా నడిచింది. “దీనికే అద్దం కట్టిస్తా” అన్నాడు.

అద్దం కట్టించి గోడకు పెట్టిన రోజు, అవ్వ కుంకుమ తడిపి తెచ్చింది. వేలు అద్దం దాకా పోయి ఆగింది. “నొసలు యాడుందో ఎట్లా తెలిసేది?” అంటూ పొగ నడుమ ఒకచోట బొట్టు పెట్టబోయింది.

“ఆడ కాదవ్వా. ఇంకా పైన. అమ్మ పొడుగు కదా” అన్నాను.

అన్నాక నాకు ముఖం కనిపించింది. గోనెలో రాగులు పోసి లేస్తూ, ముంజేత్తో నుదుటి చెమట తుడుచుకునే ముఖం. అవ్వ బొట్టు పైకి జరిపి పెట్టింది. నేను ఆమె కొంగు పట్టుకుని, ఇల్లు అదిరిపోయేట్టు ఏడ్చాను.

ఇప్పుడు మత్తిగిరిలో మా అబ్బాయి ఇంట్లో ఉంటున్నాను. మనవరాలు నేర్పితే ఫోనుతో సందెవేళ ఫోటోలు తీస్తున్నాను, రోడ్డు మీది బండ్లు, కెలవరపల్లి డ్యాము నీళ్లు. ఫోను కుదురుగా నిలవడానికి సేరు రాగులు పోసి చిన్న సంచి కుట్టుకున్నాను. “మూడు సెకన్లు చాలంట అవ్వా” అంటుంది మనవరాలు. ఫోనుకేం తెలుసు, నేను లాభం నుంచి పన్నెండు దాకా లెక్కపెట్టే చెయ్యి తీస్తాను.

ఆ మొద్దుబారడం మాత్రం నన్ను పూర్తిగా వదల్లేదు. ఎవరు పోయినా మొదట నాకేమీ అనిపించదు. రెండేళ్ల కిందట మా ఆయన పోయినప్పుడూ అంతే, అందరూ ఏడుస్తుంటే చూస్తూ కూర్చున్నాను. కర్మ అయ్యాక, ఆయన రోజూ పొద్దున్నే తుడిచే సైకిలును నేను తుడవడం మొదలుపెట్టాను. మూడు రోజులు ఏమీ కాలేదు. నాలుగో రోజు గుడ్డ పిండుతుంటే ఆయన ముఖం వచ్చింది, వెనకే ఏడుపూ వచ్చింది.