బిరడాలు ఎగిరిన రంజాన్

సౌదీలోని రాబిగ్‌లో మా వీధి చివరి దుకాణానికి ద్రాక్షపెట్టెలు దిగిన రోజు, మూత తీయగానే అడుగున నలిగిన పండ్ల నుంచి పులిసిన తీపి వాసన ఒకటి లేస్తుంది. పక్కవాళ్ళు ముక్కు చిట్లించి మంచి గుత్తి కోసం వెతుక్కుంటుంటే, నేను పిచ్చిదానిలా అక్కడే నిలబడి నవ్వుకుంటాను. ఆ వాసనే ఒకప్పుడు మా నాయన ఉద్యోగాన్నీ, మా కాపురాన్నీ, నా బడినీ మింగేయబోయింది మరి.

అప్పుడు మేం ఇదే దేశంలో ఉత్తరాన తబూక్‌లో ఉండేవాళ్ళం. మాది కడప పక్క పల్లె. నాయన ఒక పెద్ద తోటలో నీటి పంపులు బాగుచేసే మెకానిక్. ఎండాకాలం వస్తే తోటవాళ్ళు ఇచ్చిన ద్రాక్షలు కారు డిక్కీ నిండా తెచ్చేవాడు. గోడమీద చెయ్యి పెడితే చుర్రుమనే ఆ ఎండల్లోనే ఆ ఏళ్ళలో రంజాన్ వచ్చేది, ఇఫ్తార్‌కు గొంతు చల్లబడేది ఏదైనా ఉండాలని అమ్మ తాపత్రయం. ఊళ్ళో మా జేజి నన్నారి షర్బత్ కాచి సీసాలకెత్తి ఏడాది పొడవునా నిలవ ఉంచేది. ఆమె దగ్గర పని నేర్చిన కోడలు మా అమ్మ. నన్నారికి పనికొచ్చిన విద్య ద్రాక్షకు పనికిరాదా అనుకుంది.

సీసాలకెత్తే రోజు మా ఇంట్లో పండగే. ఖాళీ సీసాలు వేడినీళ్ళలో మరగబెట్టి మిద్దెమీద బోర్లించడం, పెద్ద తపేలాలో ద్రాక్షలు పోసి నేను మోచేతుల దాకా ముంచి పిసకడం, అమ్మ పాత తెల్లచున్నీలో వడకట్టడం, ఊరినుంచి పెట్టెలో తెచ్చుకున్న బిరడాలు వేడినీళ్ళలో నానబెట్టి చపాతీ కర్రతో టకటకా దిగగొట్టడం, ఆపైన సీసా మూతికి కరిగిన మైనం పట్టించడం. వారం దాకా నా గోళ్ళ ఊదారంగు వదిలేది కాదు.

"చక్కెర ఎందుకు మే, ఇవే బెల్లం మాదిరి ఉండాయి," అన్నాడు నాయన.

అమ్మ సరేనని చక్కెర మానేసింది. పండు వాసన పోతుందని కాచడమూ మానేసింది. పచ్చిరసాన్నే బిగించి, రంజాన్ చివరి రోజులకని మంచం కింద దాచింది. అది ఏమవుతుందో మా ఇంట్లో ఒక్కరికీ తట్టలేదంటే నమ్మండి. తాగుడన్నది ఏడు తరాలుగా ఎరగని కొంప మాది.

పక్కింటి ముసలామెను ఉమ్ సాలిహ్ అనేవాళ్ళం, అంటే సాలిహ్ వాళ్ళమ్మ. ఆ సాలిహ్ పోలీసు. ఉపవాసాల్లో రోజూ సాయంత్రం ఆమె మన సమోసాల్లాంటి సంబూసాల పళ్ళెంతో వచ్చి అమ్మ పక్కన కూర్చునేది. అమ్మకు పట్టుమని పది అరబ్బీ మాటలు రావు, ఆమెకు తెలుగు అసలే రాదు, అయినా ఇద్దరి కబుర్లకూ అంతుండేది కాదు. అలా కూర్చున్న ఒకరోజు మంచం కింద ఢామ్మని పేలింది. "ఓ యల్లా!" అని అమ్మ లేచేలోపు ఇంకోటి, ఆ వెంటనే మరోటి. ఒక బిరడా గోడకు కొట్టుకుని సంబూసాల మధ్యకొచ్చి పడింది. నేలంతా ఊదారంగు నురగ.

ఉమ్ సాలిహ్ వంగి వాసన చూసింది. "ఖమ్ర్!" అంది. మద్యం అని అర్థం; ఖురాన్ చదివిన అమ్మకు ఆ మాట తెలుసు. ఈ దేశంలో అది ఇంట్లో దొరికితే జైలు, తర్వాత ఇక్కడ ఉండనిచ్చే ఇఖామా కార్డు రద్దు, విమానమెక్కించి పంపేయడం. అమ్మ కూలబడిపోయి, "నేనేం కలపలేదమ్మా, ఉత్త పండ్లరసమమ్మా," అని తెలుగులోనే ఏడ్చింది.

ఆ మహాతల్లి ఒక్క ప్రశ్న కూడా వేయలేదు. లేచి తలుపు గడియ వేసింది. ఉపవాసంతో నాలుక పిడచకట్టుకుపోతున్నా చేతులు పైకి మడిచి, నాతో గుడ్డలు తెప్పించి, తానే నేల తుడిచింది. మిగిలిన బిరడాలన్నీ పీకి, రసమంతా తూములో పోయించి, ఇల్లంతా బుఖూర్ ధూపం వేసింది. అంతలో బయటినుంచి సాలిహ్ గొంతు: ఇఫ్తార్ వేళవుతోంది, రమ్మని. మా పైప్రాణాలు పైనే పోయాయి. ఆమె తలుపు బార్లా తెరిచింది. వీళ్ళ ద్రాక్షరసం చెడిపోయింది, పారబోశాం, ఈ సీసాలు చెత్తలో వేసి రా అని సంచి కొడుకు చేతికిచ్చింది. అందులో ఒక్క అబద్ధం లేదు, ఆమె ఉపవాసానికి మచ్చా లేదు. యూనిఫాంలో ఉన్న పోలీసు మా సీసాల సంచి గలగలలాడించుకుంటూ వీధి చివరిదాకా మోసుకెళ్ళాడు.

నాయన వచ్చాక అమ్మ చెప్పి చెప్పి ఏడ్చింది. "ఆయమ్మ లేకుంటే ఈపొద్దు మన బతుకు బజారున పడేది," అంది. మరుసటి ఏడు ఉమ్ సాలిహ్ మా వంటింట్లోనే కూర్చుని, రసాన్ని తేనెపాకంలా చిక్కబడేదాకా మరిగించి దిబ్స్ చేయడం నేర్పింది. పొయ్యి దగ్గర నిలబడి ఎంత తిట్టిందో, అంత ప్రేమగా తినిపించింది.

ఇప్పుడు రంజాన్ చలికాలానికి జరిగింది. తబూక్‌లో మా వరుస ఇళ్ళు పడగొట్టేశారు, ఉమ్ సాలిహ్ కూడా లేదు. నాయన వయసు పైబడేదాకా ఆ తోటలోనే పనిచేశాడు. నేను చదువుకున్నాను, ఈ దేశంలోనే కాపురం పెట్టాను. ఇదంతా ఆమె పెట్టిన భిక్ష. నమాజు ముగిశాక చేతులెత్తి, పోయినవాళ్ళందరికీ పేరుపేరునా దువా చేస్తాను. ఆమె దగ్గరికొచ్చేసరికి ఆగిపోతాను. ఒకే గోడ పంచుకుని అన్నేళ్ళున్నా ఆమె సొంత పేరు మాకు తెలియనే తెలియదు. మా తలుపు గడియ వేసిన ముసలామె, యా అల్లా, ఎవరో నీకు తెలుసులే అంటాను.