ఎవరి కాగితం వాళ్లకే

పొద్దున్నుంచి ముసురు. పసుపు చేలలో కలుపు తీసేవాళ్లు ప్లాస్టిక్ కవర్లు కప్పుకొని వంగి ఉన్నారు. నేను రైతు సంఘం ఆఫీసులో సభ్యుల భూమి పాసుపుస్తకాలు స్కాన్ చేస్తుంటే నిజామాబాద్ దవాఖాన నుంచి ఫోన్ వచ్చింది. సార్ పోయారు. చేతిలో ఉన్న పుస్తకం పూర్తిచేసి, మిగతావి బీరువాలో పెట్టి బయలుదేరాను.

సార్ బడిలో లెక్కలు చెప్పి రిటైరయ్యారు. ఆ తర్వాత మా సంఘం వెబ్‌సైట్ ఆయనే చూసుకున్నారు. సభ్యులకు లాగిన్ ఉండేది కానీ పైపైనే. పాసుపుస్తకం ఫైలు లింకు చేతికొస్తే చాలు, లాగిన్ లేకుండానే ఎవరైనా తెరవొచ్చు. మావాళ్లు జిరాక్సు కోసం ఆ లింకును వాట్సాప్ గ్రూపులోనే పడేసేవారు.

అట్లా భర్త పోయిన ఒకామె పాసుపుస్తకం ఆమె మరిది ఫోన్లోకి చేరింది. అతను దాన్ని చూపించి, ఆమెను అడగకుండానే భూమిని కౌలుకు మాట్లాడేశాడు.

"నా భూమి ముచ్చట నాకన్న ముందు ఊరికెర్కైతది. గిదేం కంపూటర్ సారూ?" అందామె.

టీ బాగా చల్లార్చి తాగడం సార్ అలవాటు. ఆ రోజు గ్లాసు ముట్టనే లేదు. ఫైళ్లన్నీ బయటి ఫోల్డర్లోంచి తీసి లోపల పెట్టారు. ఎవరైనా ఫైలు అడిగిన ప్రతిసారీ వెబ్‌సైటే వాళ్ల పాత లాగిన్ చూసి, ఫైలు వాళ్లదైతేనే తెరిచేలా ప్రోగ్రాం రాశారు. వీటికి వేరే పాస్‌వర్డు పెడదామా అన్నాను.

"ఉన్నదే యాదుంటలేదు. ఇంకోటిస్తే గోడ మీద రాస్తరు" అన్నారు సార్.

మరిది లింకు పట్టుకొని వచ్చాడు. "తెరుస్తలేదు సార్. నేనేమన్న పరాయోన్నా?"

"నీ లాగిన్‌తోని నీది తెరుసుకుంటది. ఆమెది ఆమెకే."

"మరి నీకు అందరియి కనబడ్తయి గద?"

ఆ రాత్రే సార్ తన లాగిన్‌కూ అదే కట్టుబాటు పెట్టుకున్నారు. మర్నాటి నుంచి ఆయన లాగిన్‌తో ఆయన మెట్ట చెలక కాగితం ఒక్కటే తెరుచుకునేది. ఇంకొకరిది చూడాల్సి వస్తే వాళ్లను పక్కన కూర్చోబెట్టుకొని, వాళ్ల చేతే తెరిపించి, తాను అటు తిరిగి కూర్చునేవారు.

సార్ పోయి దినాలైన తర్వాత ఆయన తమ్ముడు ఆఫీసుకొచ్చాడు.

"అన్న కాయిదాలు జర తీసియ్యి."

"మీ వదినను తోల్కరా అన్నా."

"నేను సొంత తమ్మున్ని రా!"

"సార్ ఉన్నా గిదే అంటుండె."

అతను సార్ కుర్చీ వైపు ఒకసారి చూశాడు. బోధన్ బస్సు వచ్చాక లేచి వెళ్లాడు.

సార్ భార్య మర్నాడు పొద్దున వచ్చింది. సార్ లాగిన్ మూసి, ఆయన కాగితాలకు ఆమె పేరున కొత్త లాగిన్ తెరిచాను. ఆమె పాస్‌వర్డు కొట్టేటప్పుడు అటు తిరిగి కూర్చున్నాను. కాగితం తీసుకొని పది గంటల బస్సుకు ఆమె వెళ్లిపోయింది.