పదో వరసలో మాయమైన ఎనిమిది

ఆ రోజుల్లో నాకు రాని లెక్క ప్రొద్దుటూరులో లేదు. (జమ్మలమడుగులో కొన్ని ఉండేవి.) డిగ్రీ చేతికొచ్చి, ఒక ట్యుటోరియల్లో లెక్కలు చెప్తూ, పెళ్లిళ్లకు పోయినా జేబులో సుద్దముక్క పెట్టుకునేవాణ్ణి. మా యజమానిని అందరం పెద్దసారు అనేవాళ్లం. ఆయనకు ఎనిమిది పడదు. అది శని అంకె. ఎనిమిదో తరగతి తలుపు మీద ‘ఏడు తర్వాతిది’ అని రాయించాడు. (ఇది నా కల్పన. మాకు ఎనిమిదో తరగతే లేదు.)

ట్యుటోరియల్‌కు పదేళ్లు నిండుతున్నాయి, పులివెందులలో బ్రాంచి పెడుతున్నామని ఆయన చెప్పగానే, దానికి ఇన్‌చార్జి నేనే కావాలని నాకు తోచింది. వెంటనే వీధిగోడ మీద అంకెల గోపురం రాయిద్దామన్నాను. ఒకటిని ఒకటితో గుణిస్తే 1. పదకొండును పదకొండుతో గుణిస్తే 121. నూటపదకొండును నూటపదకొండుతో గుణిస్తే 12321. ఇలా ఏడాదికొక వరస, ఎటునుంచి చదివినా ఒకటే. “ఎన్ని వరసలైనా ఇంతే సార్, గణితం మాట తప్పదు” అన్నాను. అప్పటికే తొమ్మిది వరసలు గుణించి చూసుకున్నాను. (నాలుగు.)

“అంతా బాగుండాది గానీ, ఆ ఎనిమిదిని పీకెయ్యకూడదా? పదో వరసలోనన్నా వద్దప్పా. అది పులివెందుల వరస.”

“గణితం ఒప్పుకోదు సార్.”

పెయింటరు తొమ్మిది వరసలు దించాడు. పదో వరసకు నేను గుణించకుండానే, తొమ్మిది తర్వాత పది పెట్టి, మళ్లీ ఒకటి దాకా దిగుతూ రాసిచ్చాను: 12345678910987654321. పదేళ్ల పండగ ముందురోజు పెద్దసారు గోడ ముందు నిలబడి తల పక్కకు వంచి చూశాడు.

“ఏందప్పా, గోపురం ఆ పోటీవాళ్ల పక్కకు వాలతాంది?” (మా కుడిపక్క గోడకు ఆనుకునే ఇంకో ట్యుటోరియల్ ఉండేది.)

వరసకు రెండంకెలే పెరగాలి. నాకు మూడు పెరిగాయి. పులివెందుల బస్సు నన్ను ఎక్కించుకోకుండా పోతున్నట్టు అనిపించింది. అక్కడే సిమెంటు అరుగు మీద కూర్చుని పది ఒకట్లను పది ఒకట్లతో గుణించాను. నడుమ గడిలో పది వచ్చింది. గడికి ఒక అంకే పడుతుంది కాబట్టి సున్నా ఉంచి, ఒకటిని ఎడమకు పంపాను. అక్కడున్న తొమ్మిది పదైంది. అదీ సున్నా ఉంచుకుని ఒకటిని తోసింది. దాని పక్కనున్న ఎనిమిది తొమ్మిదై కూర్చుంది. చివరికి తేలింది 1234567900987654321.

“ఎటునుంచి చదివినా ఒకటే అంటివే?”

“పదో వరస కాదు సార్.”

ఆయన వేలు పెట్టి చదివాడు. “ఐదు, ఆరు, ఏడు, తొమ్మిది... ఎనిమిది యాడికి పాయ?”

“తొమ్మిదైపోయింది సార్.”

“గణితం ఒప్పుకోదంటివి?”

“ఒప్పుకునింది సార్.”

వేలు ముందుకు జరిగింది. “కుడిపక్క ఒకటి ఉండాదే?” నేను నోరు తెరిచేలోపే ఆయన ముఖం విప్పారింది. “అది వాళ్ల పక్క గదా! శానా మంచి లెక్కప్పా. పండగైనాక పులివెందులకు బస్సెక్కు.”

అదంతా ముందే ఆలోచించి చేశానని పులివెందులలో ఏళ్ల తరబడి చెప్పుకున్నాను. ఆ ఎనిమిది దెబ్బకు పోటీ ట్యుటోరియల్ మూతపడిందని కూడా. (పడలేదు. పెద్దసారు మనవడు దాంట్లోనే చదివాడు.)

ఇప్పుడు ఆ గోడ మీద ఇనుప కమ్మీల ప్రకటన ఉంది. నేను మాత్రం కొత్త సెల్లు చేతికొచ్చినప్పుడల్లా మొదట ఆ పది ఒకట్లనే గుణించి చూస్తాను. ఏడు పక్కన తొమ్మిది. ఎనిమిది ఇంకా తిరిగి రాలేదు. అరుగు మీద చెమటలు కక్కుతున్న ఆ కుర్రవాడు మాత్రం వస్తాడు. “ముందే గుణించుకోకూడదా నాయనా” అందామనుకుంటాను. గుణించి ఉంటే వాడు ఆ గోపురం మొదలుపెట్టేవాడే కాదని గుర్తొచ్చి, ఊరుకుంటాను.