రాణి పేరు పెట్టిన సరస్సు

నా చిన్నప్పుడు మేము, మావాళ్లు కూలికని సముద్రం దాటి చేరిన బాగన్ దాతుక్ అనే ఊరి దగ్గర కొబ్బరితోటలో, కూలీలకు కట్టించిన లైను ఇళ్లలో ఉండేవాళ్లం. మా పెదనాన్న కూతురు నాకంటే రెండేళ్లు పెద్ద. ఇద్దరం తోట బడికే వెళ్లేవాళ్లం. అక్క చదివేది, నేను అక్కను చూసి కుళ్లుకునేదాన్ని.

ఒకరోజు మేస్టారు గోడకు పటం తగిలించి, ఎప్పుడో పోయిన విక్టోరియా రాణి పేరు ఎక్కడెక్కడ ఉందో చూపించారు. ఆఫ్రికాలో సముద్రమంత సరస్సు, ఆస్ట్రేలియాలో ఒక రాష్ట్రం, లబువాన్ దీవిలో ఒక రేవు. వాటిలో దేన్నీ ఆవిడ కంటితో చూడలేదట. అక్కడికి చేరిన దొరలు ఆవిడ మెప్పు కోసం, ఈ చోటు మా రాణిదేనని అందరికీ తెలియడం కోసం ఆ పేరు పెట్టేసేవారట. అక్క అదంతా తడబడకుండా తిరిగి చెప్పింది. మేస్టారు ఒక కొత్త నోటుపుస్తకం మీద స్వయంగా అక్క పేరు రాసి ఇచ్చారు.

నా కడుపు మండిపోయింది. ఇంటికి రాగానే బొగ్గుముక్క తీసి నీళ్లకుండ మీద, పీట మీద, మేకను కట్టే రాట మీద నా పేరు రాశాను. చివరికి ఆ నోటుపుస్తకం మీద అక్క పేరు కొట్టేసి నాది రాశాను.

మా మామ్మకు చదువు రాదు. "ఏటే ఇది?" అని మాత్రం అడిగింది.

"నా పేరు. ఇవన్నీ ఇంక నావే."

"అలగైతే నీ కుండలోకి నీళ్లు నువ్వే తే. నీ మేకకి ఆకు నువ్వే కొయ్యి. నీ పీట నువ్వే తోము."

సాయంత్రానికి భుజాలు లాగేశాయి. మూడోసారి కుండ ఎత్తలేక నూతి దగ్గర కూలబడితే, అప్పటికే తన పుస్తకం చూసుకున్న అక్క వచ్చి ఆ కుండ ఎత్తుకుంది. నాకు ఏడుపొచ్చింది.

"మామ్మా, రాణి ఆ సరస్సులో నీళ్లు మోసిందా?" అని అడిగాను.

"ఆయమ్మెందుకు మోస్తాదే. ఆ ఒడ్డునున్నోళ్లు మోసుంటారు. ఆళ్లు దాన్ని ముందే ఏదో పేరెట్టి పిలిసుంటారు. అదేటో మీ మేస్టర్ని అడుగు."

మర్నాడు అడిగాను. మేస్టారు పటం మీద ఆ సరస్సు చుట్టూ వేలు పెట్టి వెతికి, తనకు తెలియదన్నారు. అక్క గిరుక్కున నావైపు తిరిగింది. ఆ ప్రశ్న తనకెందుకు తట్టలేదన్న ఉడుకు ఆ కళ్లలో కనిపించింది. అది చూసి నేను లోలోపల సంతోషించాను, దాచుకోవడం దేనికి.

ఈర్ష్య నన్ను ఈ వయసులోనూ పూర్తిగా వదలలేదు. కానీ ఎవరి పేరైనా పెద్ద అక్షరాల్లో కనబడి మనసు ఉడికితే, అక్కడ చాకిరీ చేసినవాళ్లెవరో కనుక్కుంటాను. వాళ్లలో ఒక్కరితోనైనా మాట్లాడాకే ఇంటిదారి పడతాను.