రాయమల్లు నేర్పిన ఐదు నిమిషాలు

రాయమల్లు పెదనాన్న ముప్పై నాలుగేళ్లు బొగ్గు బాయిలో పనిచేశాడు. షిఫ్టు మొదలవకముందే దీపం పట్టుకుని దిగి, లోపల గ్యాస్ ఉందో లేదో చూసి, ఆయన సరే అంటేనే మిగతావాళ్లు పోవాలి. రిటైరయ్యాక ఆ పెత్తనమంతా మా బాబుపేట్ గల్లీ మీద పడింది. పక్కింటివాణ్ణి కాబట్టి నా వాటా నాకు రోజూ అందుతూనే ఉంటుంది.

కొడుకు మారుతి, కోడలు సౌజన్య పొద్దున ఉద్యోగాలకు పోతే చీకటి పడ్డాకే వస్తారు. అందుకని మనవరాలు హర్షితకు మూర్ఛ అని తేలినప్పుడు మందు సంగతి తనదేనని పెదనాన్న ముందే చెప్పేశాడు. రోజూ రాత్రి ఎనిమిదింటికి క్లోబజామ్ గోలీ. ఏడాదిన్నర పాటు ఒక్క ఫిట్టూ రాలేదు.

అక్కడే ఆయనకు తెలివి ఎక్కువైంది. పరీక్షలు దగ్గరికొచ్చాయి, పిల్లేమో పుస్తకం ముందు తూగుతోంది. జబ్బు ఎప్పుడో పోయింది, ఇంకా ఈ మత్తెందుకని ఎవరికీ చెప్పకుండా గోలీ ఆపేశాడు. మూడో రోజు పొద్దున పళ్లు తోముకుంటూ హర్షిత పడిపోయింది. బాయిలో కప్పు కూలినప్పుడు కూడా బెదరని మనిషి, ఆటోలో ఆ పిల్ల తల ఒళ్లో పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు.

డాక్టరు తిట్టలేదు. ఏడాదంతా గ్యాస్ కనపడకపోతే బాయిలో చూడటం మానేసేవారా అని మాత్రం అడిగాడు. ఈ రకం మందు ఉన్నట్టుండి ఆపితే ఫిట్స్ తిరగబెడతాయని, తూగు ఎక్కువైతే తనకు చెప్పాలని, తగ్గించాల్సి వస్తే తానే కొంచెం కొంచెంగా తగ్గిస్తానని డాక్టరు విడమరిచి చెప్పాడు. అవసరానికి ముక్కులో కొట్టే మిడజోలం స్ప్రే ఒకటి రాసిచ్చి, ఎప్పుడు ఎలా వాడాలో నేర్పి పంపాడు.

జనవరిలో ఏడో తరగతి పిల్లల్ని పులులుండే తాడోబా అడవి పక్కన రెండు రాత్రుల క్యాంపుకు తీసుకుపోతామన్నారు బడివాళ్లు. హర్షిత పేరు మాత్రం రాసుకోలేదు. క్లాసు టీచరు వైశాలి మేడమ్ మంచి మనిషే, అక్కడ పిల్లకు ఏమన్నా అయితే ఏం చేయాలో తెలియదని ఆమె భయం. ఆ పూట హర్షిత అన్నం ముట్టలేదు. పులి గురించి కాదు దాని బెంగ. క్లాసంతా పోతుంటే తానొక్కతే ఇంట్లో ఉండాలి.

మర్నాడు పెదనాన్న ఇస్త్రీ చొక్కా వేసుకుని, డాక్టరు రాసిచ్చిన కాగితం, స్ప్రే పట్టుకుని బడికి బయల్దేరాడు. బడిలో అందరిదీ మరాఠీయే, కోపమొస్తే ఆయన మరాఠీ తెలుగులోకి జారిపోతుంది కాబట్టి వెంట నేను. స్టాఫ్ రూములో నేల మీద పడుకుని ఫిట్టొచ్చినట్టు కాళ్లూ చేతులూ కొట్టుకోవడం మొదలుపెట్టాడు. మేడమ్ వాచీ చూడాలి, కుర్చీలు దూరం జరపాలి, మనిషిని ఒక పక్కకు తిప్పాలి, నోట్లో ఏమీ పెట్టకూడదు. అంతా సవ్యంగా సాగుతుండగా ప్యూన్ దత్తు లోపలికొచ్చాడు. నిజం ఫిట్టే అనుకుని తన తాళాల గుత్తి తెచ్చి పెదనాన్న చేతిలో కుక్కాడు. ఫిట్టులో ఉన్న మనిషి దిగ్గున లేచి కూర్చున్నాడు.

"తాళాలెందుకయ్యా దత్తూ, నేనేమన్న బీరువనా?"

నేను మరాఠీలో చెప్పేసరికి స్టాఫ్ రూమంతా నవ్వింది. దత్తు నవ్వలేదు. తన చెల్లెలికి ఫిట్టొస్తే ఇంట్లో ఇలాగే తాళాలు పట్టించేవాళ్లమన్నాడు. పెదనాన్న గొంతు తగ్గించాడు. మొదట్లో తామూ ఉల్లిగడ్డ వాసన చూపించినవాళ్లమేనని చెప్పి, దత్తును పక్కన కూర్చోబెట్టుకుని పాఠం మళ్లీ మొదటినుంచి ఎత్తుకున్నాడు. ఫిట్టు ఐదు నిమిషాలు దాటితే డాక్టరు రాసినట్టే ఒక్కసారి స్ప్రే, వెంటనే 108కు ఫోను, ఊపిరి ఎలా ఉందో చూస్తూ అంబులెన్సు వచ్చేదాకా పక్కనే ఉండటం. వైశాలి మేడమ్ ఆయన్ని మళ్లీ పడుకోబెట్టి, రెండుసార్లు తప్పు లేకుండా అన్నీ చేసి చూపించింది. అప్పుడు హర్షిత పేరు రాసుకుంది.

క్యాంపులో గేటు దగ్గర తప్ప ఫోను సిగ్నల్ లేదు, అవసరమైతేనే చేస్తామన్నారు. ఆ రెండు రోజులూ పెదనాన్న మమ్మల్ని కాల్చుకు తిన్నాడు. చేతికి వాచీ పెట్టుకుని మరీ మా ఇంటికొచ్చి టైమెంతయిందని అడిగేవాడు.

మూడో రోజు మధ్యాహ్నం బస్సొచ్చింది. మొహం నిండా దుమ్ముతో దిగిన హర్షిత ఎలుగుబంటిని చూశానని ఒకటే చెబుతోంది. ఆయనకు ఎలుగుబంటి అక్కర్లేదు. పోయేటప్పుడు మేడమ్‌కు ఇచ్చిన కొత్త గోలీల షీటు అడిగాడు. సరిగ్గా రెండు ఖాళీలున్నాయి. స్ప్రే విప్పనే లేదు. పెదనాన్న బస్సుకు ఆనుకుని నవ్వుతూనే కళ్లు తుడుచుకున్నాడు. నాకూ కళ్లు చెమ్మగిల్లాయి, దాచుకోవడమెందుకు.

ఇంటికొచ్చాక హర్షిత సంచి కూడా దించకుండా కిటికీలో ఉన్న తాత బీపీ గోలీలు తీసి చూసింది. తాను పోయిననాడు ఎన్ని ఉన్నాయో అన్నీ అట్లాగే ఉన్నాయి.

"రెండు దినాలు గోలీ మింగలేదా తాతా?"

పెదనాన్న నావైపు చూశాడు. నేను గోడవైపు చూశాను.

"డాక్టర్‌కు నువ్వు చెప్తవా, నేను చెప్పాల్నా?"

గల్లీ మొత్తాన్ని గడగడలాడించే మనిషి చేతులు కట్టుకుని, మొహం నిండా నవ్వుతో, "నువ్వే చెప్పు బిడ్డా" అన్నాడు.