ఒగ్గేసే ఇనుము

మా నాన్నది ఆమదాలవలసలో ఇనుప కొట్టు. స్టేషన్లో దిగి బజారు వైపు తిరిగితే ముందు తుప్పు వాసన తగిలేది, ఆ తర్వాత కొట్టు కనిపించేది. పారలు, గునపాలు, కొడవళ్ళు, బావి గిలకలు. సముద్రం వైపు ఊళ్ళ నుంచి వచ్చేవాళ్ళ కోసం ఒక మూల వలలకి కట్టే సీసపు గుళ్ళు కూడా ఉండేవి. ఆ గుళ్ళు జేబులో వేసుకుని బడికి పోయి నేను తిన్న తన్నులకి లెక్కలేదు.

నాన్న ఇనుమును కళ్ళతో కాదు, చెవితో చూసేవాడు. పార రేకును తాడుకి వేలాడదీసి, చిన్న చువ్వతో తట్టి, కళ్ళు మూసుకుని వినేవాడు. ఖంగుమని మోగి ఆ మోత కాసేపు సాగితే సరుకు లోపలికి వచ్చేది. టప్పుమని ఆగిపోతే తెచ్చిన బండిలోనే వెనక్కి పోయేది. "మంచి ఇనుము పాడతాది, సెడ్డ ఇనుము దగ్గుతాది" అనేవాడు. ఆ విద్య నేర్పాలని నన్ను చాలాసార్లు పక్కన కూర్చోబెట్టుకున్నాడు. నాకు అన్నీ ఒకేలా మోగేవి. చివరికి ఒకరోజు చువ్వ నా చేతిలోంచి తీసుకుని, "నువ్వు సదువుకోరా" అన్నాడు. తిట్టినా బాగుండేది.

ఆ చెవి మా బావకి వచ్చింది. బావంటే మా మేనత్త కొడుకు, మా అక్క మొగుడు. మీసాలు సరిగ్గా రాకముందే కొట్లో కూర్చున్నాడు. నాన్న కళ్ళు మూసుకుంటే తనూ పక్కన కళ్ళు మూసుకునేవాడు. ఇద్దరూ ఒకేసారి కళ్ళు తెరిచి ఒకే మాట చెప్పేవాళ్ళు. నేను చదువుకుని ఎచ్చెర్లలో ఉద్యోగంలో చేరాను. నాన్న పోయాక కొట్టు బావదయింది, న్యాయంగానే అయింది. కొట్టు మీద నాకెప్పుడూ ఆశ లేదు. ఆ చెవి మీద మాత్రం ఉండేది. ఈ మాట ఇన్నేళ్ళూ ఎవరితోనూ అనలేదు.

ఇలాంటి ఇంట్లోకి గోల్ఫు ఎలా జొరబడిందంటే, తప్పు నాదే. విశాఖలో ఉండే స్నేహితుడొకడు ఒక ఆదివారం మైదానానికి తీసుకుపోయి, తను వాడేసిన పాత కర్రల సంచీ నా భుజానికి తగిలించాడు. అంతే, పిచ్చి పట్టింది. ఆ ఆటలో నేలమీది బంతిని కొట్టే కర్రల్ని ఐరన్లంటారు. చివర ఇనుప మొహం ఉంటుంది కాబట్టి ఆ పేరు. ఐరన్ల కోసం విశాఖ పోతున్నానంటే మా అక్క, "ఇస్త్రీ పెట్టికి అంత దూరం ఎందుకురా? ఇంట్లో ఉన్నాది కదేటి" అంది.

మూడేళ్ళ కిందట బావకి గుండెలో స్టెంటు వేశారు. కొట్టు కొడుక్కి అప్పజెప్పి రోజూ నడవమన్నాడు డాక్టరు. బావ ససేమిరా అన్నాడు. "పనీపాటా నేకుండా నడిసీవోడిని సూత్తే కుక్కలు కూడా మొరుగుతాయి" అన్నాడు. అప్పుడు నేను, "బావా, బంతి వెనకాల నడు. దాన్ని తెచ్చుకోవడం కూడా పనే కదా" అన్నాను. ఆ తర్కం ఆయనకి నచ్చింది.

అలా ప్రతి ఆదివారం పొద్దున్నే ఆమదాలవలసలో రైలెక్కేవాళ్ళం. ఇప్పుడు తలచుకుంటే ఆటకంటే ఆ రైలే ఎక్కువ గుర్తొస్తుంది. పొందూరు, చీపురుపల్లి, విజయనగరం. కిటికీ బయట మంచులో వరి కుప్పలు. ఎండుచేపల గంపతో ప్రతివారం ఒకావిడ మా ఎదురుగా కూర్చునేది. మొదటి వారమే అడిగింది.

"ఏటి బావూ ఆ సంచీలో? గేలాలేటి?"

"కాదమ్మా, కర్రలు. బంతిని కొట్టి గుంతలో ఎయ్యాలి" అన్నాడు బావ.

"ఎంతమంది బావూ ఒక బంతికి?"

"ఒక్కొక్కడికి ఒక్కో బంతి."

"మరి అడ్డుకునీవోడు నేడా?"

"ఎవుడూ నేడమ్మా."

"అడ్డుకునీవోడు నేకపోయినా గుంతలో ఎయ్యనేరేటి?" అని ఆవిడ మాకేసి జాలిగా చూసింది.

బావకి ఐరన్లు కొన్న రోజు మాత్రం నాకు బాగా గుర్తు. మైదానంలో ఒకాయన ఊరు విడిచి వెళ్తూ తన దగ్గరున్న రెండు జతలు అమ్మకానికి పెట్టాడు. ఒక జత సన్నటి మొహాలతో, అద్దంలా మెరుస్తూ, కొలిమిలో సాగదీసి చేసిన ఇనుము. రెండోది లావుగా, మొద్దుగా, వీపున గుల్లగా తవ్వేసి ఉంది. అచ్చం నా భుజం మీద ఉన్నదానిలాంటిదే. దానంగా వచ్చిన నా బోలు ఇనుములంటే నాకు చిన్నచూపు. బావకైనా మంచివి కొనాలనుకున్నాను.

అప్పుడు నాకొక ఆలోచన వచ్చింది. చువ్వకి బదులు జేబులోంచి తాళంచెవి తీశాను. సన్న ఐరన్ని వేలి మీద వేలాడదీసి, కళ్ళు మూసుకుని తట్టాను. ఖంగుమంది. మోత సాగింది. నా జన్మలో మొదటిసారి నాకు తేడా వినిపించింది. లావుదాన్ని తట్టాను, దగ్గింది. బావ పక్కనే నిలబడి చూస్తున్నాడు.

"ఇవి తీసుకో బావా. పాడుతున్నాయి" అన్నాను.

బావ నా మొహంలోకి చూశాడు. ఒక్క క్షణం ఏదో అనబోయి, "సరేరా, నువ్వు సెప్తే అంతే" అన్నాడు. ఆ రోజు తిరుగు రైల్లో నేను ఏనుగెక్కినంత సంబరపడ్డాను.

ఆ తర్వాత రెండేళ్ళు బావ ఆడాడు. ఆడాడంటే ఏమిటి, కుమిలాడు. నేను నా బోలు ఇనుములతో బంతిని ఎక్కడ తగిలించినా అది తలొంచుకుని ముందుకి పోయేది. బావ బంతి మాత్రం పక్క తుప్పల్లోకి దూకేది, లేదంటే ఆయన కర్ర కలుపు తవ్వే గొప్పులా మట్టిలో దిగబడి ఉండిపోయేది. చలికాలం పొద్దుట సరిగ్గా తగలని ప్రతి దెబ్బకీ చెయ్యి ఝుమ్మని, వేళ్ళు విదిలించుకునేవాడు. కొన్నాళ్ళకి ఐరన్ల వీపున నల్ల టేపు అతికించుకున్నాడు. ఎందుకని అడిగితే తుప్పు పట్టకుండా అన్నాడు. ఇనుప కొట్టువాడు తుప్పు గురించి చెబితే ఎవరు నమ్మరు? "ఐరన్లు నీకు సరిపడలేదేమో బావా" అని ఒకసారి నసిగాను. "ఆడలేక మద్దెల ఓడనమంటావేటి?" అని నవ్వేశాడు.

పోయిన దసరాలు వెళ్ళాక ఒక ఆదివారం స్టేషన్లో బావ కనబడలేదు. ఫోన్ చేస్తే, "ఇంక నాను రానురా. నువ్వెల్లు" అన్నాడు. మరుసటి వారమూ అంతే. నెల తిరిగేసరికి అక్క ఫోన్ చేసింది.

"మీ బావ కుర్సీ దిగట్నేదురా. టీవీ కేసి సూత్తన్నాడు గానీ అది కట్టేసి ఉన్నాది. మాట నేదు, నడక నేదు. డాక్టరు నామీద ఎగురుతున్నాడు. ఆ కర్రలాటకే తీసుకుపోరా, నీకు పున్నెం ఉంటాది."

మా అక్క గొంతులో భయం నేను అంతకు ముందు ఒక్కసారే విన్నాను, స్టెంటు వేసిన రోజు. నాకు నిద్ర పట్టలేదు. తగలని దెబ్బలకి విసిగే బావ ఆట మానేశాడని, ఆయన ఐరన్లు మార్చాలని అప్పటికి తెలిసింది. కానీ మార్చుదామంటే మళ్ళీ మద్దెల సామెతే చెబుతాడు. అందుకని అబద్ధమాడాను.

"బావా, నాకు కొత్త ఐరన్లు కొనాలి. నీ చెవి కావాలి. నీ సంచీ కూడా పట్రా, అచ్చం అలాంటివే నాకూ కావాలి" అన్నాను.

"అలాటివి నీకెందుకురా!" అన్నాడు, కంగారుగా. ఆ కంగారు నాకప్పుడు అర్థం కాలేదు. కానీ వచ్చాడు.

విశాఖలో గోల్ఫు సామాన్ల కొట్టు చిన్నదే. వెనక గదిలో వల కట్టి, బంతిని కొట్టి చూసుకునే ఏర్పాటు ఉంది. కొట్టాయన ఓపిక ఉన్న మనిషి. మా ఇద్దరి ఆట ఏపాటిదో రెండు ప్రశ్నల్లో కనిపెట్టి, లావుపాటి జత ఒకటి బల్ల మీద పరిచాడు. నేను తాళంచెవితో తట్టాను. దగ్గింది.

"మా నాన్నయితే దీన్ని గుమ్మం ఎక్కనివ్వడు" అన్నాను.

ఆయన నవ్వి అరటిపండు ఒలిచినట్టు చెప్పాడు. సన్నవాటిలో బరువంతా మొహం నడిమధ్య ఉంటుందట. అక్కడే తగిలితే అంత తీపి దెబ్బ ఇంకోటి లేదు, కాస్త పక్కకి పోయిందా, చెయ్యి చచ్చుబడుతుంది. వీపు తవ్వినవాటిలో ఆ తవ్విన బరువుని అంచులకి జరుపుతారు. అందుకే అంచున తగిలినా మొహం తిరిగిపోదు, బంతి దాదాపు అనుకున్నచోటికే పోతుంది. అడుగు వెడల్పు కాబట్టి మట్టిలో దిగబడదు, జారిపోతుంది. పొడుగు ఐరన్లు అసలు వద్దన్నాడు. వయసుని బట్టి స్టీలు కాడ బదులు తేలికపాటి కార్బన్ కాడ తీసుకోమన్నాడు. "వీటిని ఫర్‌గివింగ్ ఐరన్లు అంటారండీ" అన్నాడు.

క్షమించే ఐరన్లు అని మనసులో అనుకున్నాను, హరికథలా ఉంది. మన్నించే అనుకున్నాను, పెళ్ళి పత్రికలా ఉంది. బావ అంతసేపటికి నోరు తెరిచాడు.

"తప్పు ఒగ్గేత్తాది. అంతే కదేటి."

మా వైపు వదిలేయడాన్ని ఒగ్గేయడం అంటాం. చేతిలో తాడు ఒగ్గేస్తాం, ఊరు ఒగ్గేస్తాం, కోపం ఒగ్గేస్తాం. అన్నిటికీ ఆ ఒక్క మాటే. ఎన్నేళ్ళు చదువుకున్నా ఆ మాట నాకు తట్టలేదు.

తర్వాత ఆయన పోల్చి చూపిద్దామని బావ సంచీలోంచి పాత ఐరనొకటి తీశాడు. వీపు మీద వేలుతో తడిమాడు. నల్ల టేపు అంచు పట్టుకుని లాగాడు. "ఒగ్గీండి బావూ, అది తుప్పు కోసం" అంటూ బావ చెయ్యి అడ్డం పెట్టబోయాడు గానీ అప్పటికే టేపు ఊడింది. కింద సీసం. వలలకి కట్టే గుళ్ళని సుత్తితో రేకులా సాగగొట్టి, మొహానికి రెండు చివర్లా అతికించి ఉంది. పిడి రబ్బరు కింద చూస్తే, చెయ్యి ఝుమ్మనకుండా సైకిల్ ట్యూబు చుట్టి ఉంది. మిగతా ఐరన్లూ అంతే, ఒక్కటీ వదల్లేదు.

"ఇది ఎవరు చేశారండీ?" అన్నాడు కొట్టాయన. "బరువు అంచులకి పోవాలని చేసిన పనిది. బాగా తెలిసినవాళ్ళు గానీ చెయ్యలేరు."

నేను బావకేసి చూశాను. బావ ఫ్యాన్ కేసి చూస్తున్నాడు.

"ఎప్పుడు తెలిసింది బావా?" అన్నాను.

"మొదటి దెబ్బకే తెలిసిపోనాది. ఆ మాటకొస్తే నువ్వు కొన్న నాడే తెలుసు. మోగీ ఇనుము బిగువుగా ఉంటాదిరా. మన సేతులకి అది ఆగదు."

"మరి అప్పుడే చెప్పొచ్చు కదా! రెండేళ్ళు చేతులు విదిలించుకుంటూ..." నా గొంతు పెద్దదయింది. నిజానికి నాకు కోపం వచ్చింది, ఎవరి మీదో తెలియని కోపం.

బావ మెల్లగా అన్నాడు. "నువ్వు కళ్ళు మూసుకుని తట్టినావురా. అచ్చం మావలాగే నిలబడ్డావు. మావ నీ సేతిలో సువ్వ తీసేసుకున్న నాడు నాను అక్కడే ఉన్నాను. నీ మొకం సూసినాను. మళ్ళా నా సేతులతో ఎలా తీసేసుకుంటాను?"

అంత వయసొచ్చి, పరాయి కొట్లో, నాకు ఏడుపొచ్చింది. కొట్టాయన మర్యాదగా లోపలికి వెళ్ళిపోయాడు.

ఆ వారమే బావ కొత్త ఐరన్లతో మైదానంలో దిగాడు. మొదటి దెబ్బ కొసన తగిలింది. ఇద్దరం అలవాటుగా తుప్పల వైపు తిరిగాం. బంతి అక్కడ లేదు. గట్టు దాటి, కాస్త ఎడంగా, పచ్చగడ్డి మీద బుద్ధిగా కూర్చుని ఉంది. బావ తన అరచెయ్యి చూసుకున్నాడు, విదిలించలేదు. "ఒగ్గేసినాదిరా!" అని అరిచి, డాక్టరు చూస్తే తిట్టేంత వేగంగా నడిచాడు.

పాత జతలో ఒక్క ఐరన్ మాత్రం సీసం ఒలిచి, నాన్న పార రేకులు వేలాడదీసిన తాడుకే కట్టాడు బావ. మొన్న కొట్టుకి వెళ్తే చువ్వ తెచ్చి నా చేతికిచ్చాడు. "కొట్టు" అన్నాడు. కళ్ళు మూసుకుని తట్టాను. మోత బజారు దాకా సాగింది.

"ఎలాగున్నాది?"

"పాడుతోంది బావా."

"పాడతాది మరి. ఏరినోడు ఎవుడు?" అన్నాడు. చువ్వ తిరిగి తీసుకోలేదు.